పొట్టి లైలాక్‌లు పూయని ఏడాది

మార్చి నెలాఖరున మా ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. ఏప్రిల్ మూడో వారానికి తోటలో మంచు కరిగిపోయింది. ఈ రెండూ వెంటవెంటనే జరగడం నా ఖర్మ. ఆ ఒక్క ఏడాదికి మంచు ఇంకో రెండు నెలలు ఉండిపోయినా నాకు అభ్యంతరం లేకపోయేది.

షుంజి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరి నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల తనిఖీ చేశాడు. ఊరంతా భూమి కింద ఏ గొట్టం ఎటు పోతుందో చెప్పగలడు గానీ, వంటింట్లో సోయా సాస్ సీసా ఎక్కడుంటుందో తెలియదు. ఇంట్లో కూర్చున్న మొదటి వారంలో నా అరలన్నీ టేపు పెట్టి కొలిచాడు. రెండో వారంలో ఫ్రిజ్‌లో ఏది ఏ అరలో పెట్టాలో బొమ్మ గీసి ఫ్రిజ్ తలుపుకే అంటించాడు. నేను దాన్ని పీకేసి, అదే అయస్కాంతం కింద నా కాగితం పెట్టుకున్నాను.

నా కాగితమంటే తోటల పుస్తకంలోని పేజీ. ఉత్తరాది మంచు నగరం సప్పోరోకి రైల్లో అరగంట దూరంలో ఉంటుంది మా ఊరు. ఇక్కడ జూన్‌లో పది రోజులపాటు ముప్ఫై ఇళ్ళవాళ్ళు గేట్లు తెరిచి పెడతారు. ఎవరైనా లోపలికొచ్చి తోట చూసి వెళ్ళవచ్చు. ఏ ఇల్లు ఎక్కడుందో, ఎవరి తోటలో ఏముందో చూపిస్తూ ఒక చిన్న పుస్తకం వేస్తారు. అందులో చోటు కోసం పదకొండేళ్ళు అడుగుతూ వచ్చాను. కిందటి ఆగస్టులో ఒక ముసలి జంట ఇల్లు అమ్మేసి ఫ్లాట్‌కి మారిపోతే, వాళ్ళ నంబరు నాకొచ్చింది.

'పద్నాలుగు. కురోసే చిజురు. పొట్టి లైలాక్‌ల తోట. జూన్ రెండో వారంలో పూత.'

ఇల్లు షుంజి పేరు మీద ఉంది. ఫోను, గ్యాసు, గేటు దగ్గరి ఉత్తరాల పెట్టె, అన్నీ ఆయన పేరే. నా పేరు ఉన్నది ఆ పేజీ మీదే.

సప్పోరో వీధుల్లో లైలాక్ చెట్లు ఇంటి కప్పును దాటి పెరుగుతాయి. పూలెక్కడో పైన, ముక్కు ఎక్కడో కింద. నావి అలాంటివి కావు. నడుము ఎత్తు దాటని రకం. గేటు నుంచి గుమ్మందాకా దారి పక్కన ఆరు పొదలు. పెద్దవి పూసిన రెండు మూడు వారాలకు ఇవి మొదలుపెడతాయి. ఆకు చిన్నది, పువ్వు చిన్నది, వాసన మాత్రం మనిషిని కట్టి పడేస్తుంది. అవి పూసిన రోజుల్లో పోస్ట్‌మాన్ మా గేటు దగ్గర ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ సర్దుకుంటూ నిలబడతాడు.

చలికాలానికి ముందు ఈ పొదలన్నిటికీ మూడేసి వెదురు కర్రలు పాతి, గడ్డి చాప చుట్టి, తాడుతో బిగించి కట్టాలి. లేకపోతే మంచు బరువుకి నడిమికి విరిగిపోతాయి. ఎప్పుడూ నేనే కడతాను. కిందటి నవంబరులో నాకు పిత్తాశయం ఆపరేషన్ అయి ఆస్పత్రిలో ఉండడంతో షుంజి ఒక్కడే కట్టాడు. ఏప్రిల్‌లో కట్లు విప్పే రోజున తాళ్ళకు నంబర్లు వేసి ఉన్నాయని, ఆ వరసలోనే విప్పాలని పట్టుబట్టాడు. నాలుగో నంబరు తాడు విప్పేసరికి మొదటి పొద బయటపడింది.

కొమ్మల చివర జంట మొగ్గలు ఉబ్బి ఉండాలి. లేవు. ప్రతి కొమ్మా చివర మొండిగా, ఎండిపోయి ఉంది. రెండో పొద విప్పాం. అదీ అంతే. ఆరూ అంతే.

"మీరు కత్తిరించారా?" అన్నాను.

షుంజి తాడు చుట్టడం ఆపాడు. పొద వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ పొద వైపు చూశాడు.

"కట్టేటప్పుడు అడ్డొచ్చినవి రెండు మూడు తీశాను."

"రెండు మూడా? ఆరింటికీ గుండు కొట్టి రెండు మూడంటారా?"

"గుండేమిటి. చిగుర్లొస్తున్నాయిగా."

"అవి ఆకులండీ! వట్టి ఆకులు! లైలాక్ పూమొగ్గలు కిందటి వేసవిలోనే పెట్టేస్తుంది. కొమ్మ చివర అవి చలికాలమంతా నిద్రపోయి జూన్‌లో విచ్చుకోవాలి. అందుకే పూలు రాలిన వెంటనే కత్తిరించాలి. ఆ తర్వాత కత్తెర దగ్గరికే తేకూడదు. ఈ ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు."

"నాకు తెలీదు."

"తెలీనప్పుడు నన్నడగాలి."

"నువ్వు మత్తులో ఉన్నావు."

"మత్తు దిగాక అడగాలి!"

ఆయన నంబరు ప్రకారం తాళ్ళు చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. మామూలుగా షుంజి తనది తప్పంటే ఒప్పుకునే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో వేడినీటి బుగ్గలకని బయల్దేరి వేరే స్టేషన్లో దిగి, రెండు గంటలు వానలో కూర్చున్నాం. ముప్ఫై మూడేళ్ళయినా, ఆ రోజు తప్పు రైలు పట్టికదేనని వాదిస్తాడు. అలాంటి మనిషి నోరు మూసుకున్నాడంటే, ఇక నాకు సాక్ష్యమెందుకు?

కంచె అవతల నుంచి పక్కింటి ఇసోబే గారు అంతా విన్నది. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ, భర్త పోయి ఆరేళ్ళు.

"తిట్టు చిజురూ, గట్టిగా తిట్టు. మా ఆయన రిటైరయిన ఏడాది ఏం చేశాడో తెలుసా? నేను నాటుకున్న లిల్లీ దుంపలన్నీ తవ్వి కూర చెయ్యమని గిన్నెలో పోసిచ్చాడు."

"మీరేం చేశారు?"

"చేశాను. తిన్నాం. బాగానే ఉంది కూడా" అని లోపలికి వెళ్ళిపోయింది.

మే నెలంతా నేను షుంజిని తిడుతూనే గడిపాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, తిట్టడానికి ఒక గట్టి కారణం దొరకడం హాయిగానే ఉండింది. వంటగదిలో నా వెనకే నిలబడి "ఆ మూత ముందు పెట్టాలి కదా" అన్నాడనుకోండి, "మీకు మూతలు తెలుసు, మొగ్గలు తెలీవు" అనేదాన్ని. చెత్త బుట్టలు రంగుల వారీగా సర్దితే, "ఆ సర్దుడేదో పొదల దగ్గర చెయ్యకుండా ఉండాల్సింది" అనేదాన్ని. ఏ దారిన బయల్దేరినా పొదల దగ్గరే తేలేవాళ్ళం.

అసహికావాలో ఉన్న కూతురు మినాకో ఫోన్ చేసింది.

"నాన్నని ఏదైనా పనిలో పెట్టమ్మా."

"ఎక్కడ పెట్టను?"

"స్టేషన్ దగ్గర సైకిళ్ళు సర్దే పని ఉంటుందిగా, రిటైరైనవాళ్ళకి."

"సైకిళ్ళ వాళ్ళు నాకేం ద్రోహం చేశారే?"

మే నాలుగో వారంలో ఎప్పటిలాగే చలి తిరిగొచ్చింది. పెద్ద లైలాక్‌లు పూసే రోజుల్లో వస్తుంది కాబట్టి ఇక్కడ దాన్ని లైలాక్ చలి అంటారు. మళ్ళీ కిరోసిన్ స్టవ్ వెలిగించాం. ఆ స్టవ్ పక్కన కూర్చుని నుమాతా గారికి ఫోన్ చేశాను. తోటల పుస్తకం పనులన్నీ చూసుకునేది ఆవిడే.

"నుమాతా గారూ, ఈసారికి నా నంబరు తీసెయ్యండి. పొదల్లో పూలు లేవు."

"అయ్యో, పుస్తకాలు ఏప్రిల్‌లోనే పంచేశామండీ. స్టేషన్లో, లైబ్రరీలో అన్నిచోట్లా ఉన్నాయి. అయినా తోటంటే పూలొక్కటేనా?"

"నా పేరు పక్కన వేసింది పూల సంగతేనండీ."

"అలా అనకండి. వచ్చేవాళ్ళు ఏమీ అనుకోరు" అన్నదావిడ మర్యాదగా. ఏమీ అనుకోరని ఎవరైనా అన్నారంటే, బాగా అనుకుంటారన్నమాట.

ఇసోబే గారు ఒక సలహా ఇచ్చింది. "ముడత కాగితంతో పూలు చేసి కట్టెయ్యి. వచ్చేవాళ్ళలో సగం మందికి కంటి శుక్లాలే."

"వాసనో?"

"వాసనకి బట్టల సబ్బు."

జూన్ మొదటి వారంలో ఒక పొద్దున నేను ముల్లంగి తరుగుతుంటే షుంజి బూట్లతోనే వంటింటి గుమ్మందాకా వచ్చేశాడు. మోకాళ్ళకు మట్టి. మొహం వెలిగిపోతోంది.

"ఏమోయ్! మూడున్నాయి!"

"ఏవి?"

"పూగుత్తులు! గేటు నుంచి ఆరో పొద. కంచె వైపు. నేలకి ముప్ఫై ఒక్క సెంటీమీటర్ల ఎత్తులో. ఒకటి కొంచెం పెద్దది."

"ఆరు పొదలకి మూడు గుత్తులు. పండగ చేసుకుందామా?"

"లేవనుకున్నవి ఉన్నాయి కదా మరి."

"బూట్లు విప్పండి ముందు. నేలంతా మట్టి."

ఆయన బూట్లు విప్పలేదు. తిరిగి తోటలోకే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి ఆరో పొద వెనక్కి వెళ్ళడానికి చెక్కలు పరిచి దారి వేశాడు. చివర ఒక పొట్టి పీట. 'పూలు ఇటు' అని బాణం గుర్తు. 'ఒక్కొక్కరుగా కూర్చుని వాసన చూడగలరు' అని దాని కింద ఇంకో కాగితం. ఎక్కడో గొట్టం పగిలితే జనాన్ని పక్క దారి పట్టించడానికి పెట్టే ఏర్పాటులా ఉంది. నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు.

"ఇది తోటా, మీ ఆఫీసా?"

"వచ్చినవాళ్ళకి తెలియాలి కదా ఎటు వెళ్ళాలో."

"ఏం తెలియాలో నేను చెబుతాను, రాయండి" అన్నాను. ముప్ఫై ఏళ్ళు ఊరికంతటికీ నీటి కోత ప్రకటనలు రాసిన చెయ్యి ఆయనది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఒక చెక్క పలక, కుంచె, సిరా తెచ్చి ఎదురుగా పెట్టాను.

"'పోయిన శరదృతువులో మా ఆయన కత్తిరించినందువల్ల ఈ ఏడాది పొట్టి లైలాక్‌లు పూయలేదు. చూడవచ్చిన వారు క్షమించగలరు.' రాయండి."

కుంచె ముంచి ఒక్క క్షణం ఆగాడు. ఇప్పుడు ఎదురు తిరుగుతాడనుకున్నాను. తిరగాలని కూడా అనుకున్నాను. కాచుకుని ఉన్నాను.

"'పొరపాటున కత్తిరించినందువల్ల' అనాలా, 'తెలియక కత్తిరించినందువల్ల' అనాలా?"

"రెండూ పెట్టండి."

రెండూ పెట్టాడు. ఒక్క గీత వంకర పోలేదు. ఆరబెట్టి, గేటుకి ఆయనే కట్టాడు.

తోట తెరిచిన మొదటి నాలుగు రోజులూ జనం బాగానే వచ్చారు. గేటు దగ్గర పలక చదవడం, నవ్వడం, షుంజి వైపు చూడడం. మగవాళ్ళు ఆయన భుజం తట్టారు. "నేను మా ఆవిడ గులాబీల మీద కలుపు మందు కొట్టానండీ, పద్నాలుగేళ్ళయింది, ఇంకా వింటూనే ఉన్నాను" అన్నాడొకాయన. ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. "ఎన్నేళ్ళు పెంచారో పాపం", "మొక్కకి తెలియదు కదా ఎవరు పట్టుకున్నారో కత్తెర" అంటూ ఓదార్చారు. నిజం చెప్పొద్దూ, ఆ ఓదార్పులు నాకు పూలకంటే బాగున్నాయి. షుంజి మాత్రం చెక్కల దారి చివర నిలబడి, "నెమ్మదిగా కూర్చోండి, ఎడమ వైపుది ఇవాళే విచ్చింది" అంటూ ఒక్కొక్కరినీ పీట మీద కూర్చోబెట్టాడు. కూర్చున్నవాళ్ళు లేవబుద్ధి కాకపోయినా లేచేవారు. మూడు గుత్తులే అయినా వాసన వాసనే.

అయిదో రోజు నుమాతా గారు వచ్చింది. వెంట పక్క ఊరి తోటల సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు. గేటు దగ్గర పలక చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు సర్దుకుంటూ లోపలికొచ్చింది.

"కురోసే గారూ, ఏమీ అనుకోకండి. శరదృతువులో కత్తిరించారని రాశారు."

"అవునండీ. నవంబరులో, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు కట్లు కడుతూ..."

"కానీ నేను సెప్టెంబరులో ఫొటో కోసం వచ్చినప్పటికే కత్తిరించి ఉన్నాయి కదా?" అంటూ సంచీలోంచి పుస్తకం తీసి పద్నాలుగో నంబరు పేజీ తెరిచింది. "చూడండి. చక్కగా గుండ్రంగా. కింద ఆకు ముక్కలు కూడా కనిపిస్తున్నాయి. సెప్టెంబరులో లైలాక్ కత్తిరించారేమిటా అనుకున్నాను ఆ రోజు. మీరు ఇన్నేళ్ళుగా పెంచుతున్నారు, ఏదో కిటుకు ఉండే ఉంటుందిలే అని అడగలేదు."

ఆ పేజీ నా ఫ్రిజ్ మీద రెండు నెలలుగా ఉంది. పాలు తీసినప్పుడల్లా చూశాను. చూసిందల్లా నా పేరు. ఇప్పుడు నుమాతా గారి వేలు పక్కన చూశాను. ఆరు పొదలు. అన్నం ముద్దల్లా, ఒకే కొలతలో. కింద మట్టి మీద తాజా ఆకు ముక్కలు.

మర్నాడు ఫొటో తీయడానికి వస్తానని నుమాతా గారు ఫోన్ చేయడం గుర్తొచ్చింది. వేసవి కొమ్మలు తలా ఒక దిక్కు పొడుచుకొచ్చి పొదలు నిద్ర లేచిన పిల్లల తలల్లా కనిపించడం గుర్తొచ్చింది. కొంచెం దువ్వితే చాలనుకున్నాను. పెద్ద కత్తెర తీసుకున్నాను. ఒకటి గుండ్రంగా వచ్చాక మిగతావి దానికి సరిపోకపోతే బాగుండదని... ఆ తర్వాత కడుపునొప్పి, ఆస్పత్రి, కుట్లు. నా తలలో అది 'ఫొటో కోసం తోట సర్దడం'గా ఉండిపోయింది. కత్తిరించడమని దానికి పేరు పెట్టుకోలేదు.

పుస్తకాన్ని మొహానికి ఇంకా దగ్గరగా లాక్కున్నాను.

"అది కూడా నేనేనండీ" అని వెనక నుంచి వినిపించింది. షుంజి, చేతిలో నీళ్ళ డబ్బాతో.

"మీరా?" అన్నది నుమాతా గారు.

"సెలవు రోజుల్లో నా చేతులు ఊరుకోవు. సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి. రండి, మూడో గుత్తి కూడా విచ్చింది. ఒక్కొక్కరుగా రావాలి, చెక్క జారుతుంది."

ముగ్గురూ ఆయన వెనక వెళ్ళారు. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను, పలక వీపు చూస్తూ.

వాళ్ళు వెళ్ళాక షుంజి గొట్టం చుట్టుకుంటున్నాడు. ఎడమ నుంచి కుడికి చుట్టాలని నాకు నెల రోజులుగా నేర్పుతున్న పద్ధతిలో.

"మీకు తెలుసు."

"ఏది?"

"నేనే కత్తిరించానని. ఏప్రిల్‌లో కట్లు విప్పినప్పుడే తెలుసు."

"ఊ."

"మరి చెప్పరేం?"

"చెబితే పూస్తాయా?"

"పూయకపోతే పూయకపోయె! రెండు నెలలు తిట్టాను మిమ్మల్ని! ఊరంతా చదివేలా గేటుకి కట్టాను! మీ చేత్తో మీరే రాశారు!"

"నువ్వే రాయమన్నావు."

"రాయమంటే రాసేస్తారా?"

గొట్టం చివర కట్టి మేకుకి తగిలించాడు. "గొట్టం పగిలిందని ఫోనొస్తే, ఎవరు పగలగొట్టారని మేము అడగం. ముందు వెళ్ళి నీళ్ళు కట్టేస్తాం. ఆ తర్వాత చూస్తే చాలాసార్లు ఫోన్ చేసినవాళ్ళే అయ్యుంటారు. అప్పటికే వాళ్ళ ఇల్లంతా తడిసిపోయి ఉంటుంది. ఏం అంటాం?"

నాకు జాలేసి ఉండాల్సింది. వేయలేదు. ఒళ్ళు మండింది. రెండు నెలలుగా నేను అన్న మాటలన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకోవడానికి నాకు ఒక్క సందు కూడా వదల్లేదు ఈ మనిషి. ఆ పూట పులుసు గిన్నెకి మూత ముందు పెట్టాను. ఆయన చూశాడు. ఏమీ అనలేదు. దానికి ఇంకా మండింది.

మర్నాడు పొద్దున్నే కుంచె, సిరా తెచ్చి పెట్టాను. "పలక మార్చండి. నా పేరు రాయండి."

"ఇంకో అయిదు రోజులేగా. సిరా ఆరిపోయింది, ఇప్పుడు దిద్దితే అలుక్కుపోయి అసహ్యంగా ఉంటుంది."

"కొత్త పలక మీద రాయండి."

"కొత్త పలక లేదు."

కొట్టులో మూడు ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. వరసగా, పెద్దవి కింద, చిన్నవి పైన, ఆయన సర్దినవే. నేను రాద్దామంటే నా అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి. ఆ నాలుగు రోజులూ ఎవరైనా "మీ ఆయన..." అని నవ్వబోతే, నేను టీ కాచుకొస్తానని లోపలికి పారిపోయాను. అన్ని టీలు జన్మలో కాచలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, గేటు మూయబోతుంటే ఒక ముసలి జంట వచ్చారు. ఆయన చేతికర్ర ఊతంతో వంగి పలకంతా పైకి చదివాడు. ఆవిడ షుంజిని ఎగాదిగా చూసింది.

"మీరేనా ఆ కత్తెర పెద్దమనిషి?" అని ఆయన్ని అడిగి, జవాబు కోసం చూడకుండా నా వైపు తిరిగింది. "ఏం చేస్తాంలే తల్లీ. మా ఇంట్లోనూ ఇంతే. చెయ్యి పెడితే చాలు, సర్వనాశనం."

షుంజి ఎప్పటిలాగే తల వంచి దండం పెట్టి, చెక్కల దారి వైపు చెయ్యి చూపించబోయాడు. టీ కాయడానికి లోపలికి వెళ్ళడం నాకు ఈసారి సాధ్యం కాలేదు.

"ఆయన కాదండీ" అన్నాను. "నేనే. ఆరు పొదలూ నేనే కత్తిరించాను. ఫొటోలో గుండ్రంగా కనిపించాలని."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత మంచిదానివమ్మా" అన్నది. "పదిమందిలో మొగుడి తల దించనివ్వకుండా నీ మీదేసుకుంటున్నావు."

"లేదండీ, నిజంగానే..."

"తెలుసులే. నాకు తెలియదా? యాభై రెండేళ్ళ కాపురం. నేనూ ఇలాగే ఎన్ని నెత్తినేసుకున్నానో."

"అయ్యో, నేను చెప్పేది వినండి! ఈయన ముట్టుకోనేలేదు!"

"విన్నావా?" అని ఆవిడ ముసలాయన్ని మోచేత్తో పొడిచింది. "ఇలాంటి పెళ్ళాం దొరకాలి."

ఆ ముసలాయన నా వైపు చేతికర్ర ఎత్తి నమస్కారం లాంటిది చేశాడు. ఏమిటీ న్యాయం? పది రోజులు అబద్ధం వేలాడదీస్తే ఊరంతా నమ్మింది. ఒక్క నిజం చెబితే వినేవాళ్ళు లేరు.

అప్పుడు షుంజి గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ చెప్పింది నిజమేనండీ" అన్నాడు, నీటి కోత ప్రకటన చదివే గొంతుతో. "సెప్టెంబరు ఎనిమిది, ఆదివారం. మధ్యాహ్నం రెండుంబావుకి గేటు పక్క పొదతో మొదలుపెట్టి, మూడింటికి ఆరో పొదతో ముగించింది. ఆరో దాని వెనక వైపు చెయ్యి అందక వదిలేసింది. అందుకే అక్కడ మూడు మిగిలాయి. దారి మీద పడ్డ కొమ్మలు ఊడ్చి సంచుల్లోకెత్తింది నేనే. రెండున్నర సంచులయ్యాయి."

ముసలి జంట ఇద్దరూ నోళ్ళు తెరిచి ఆయన వైపు చూశారు. తర్వాత నా వైపు.

"అంత వివరం ఎవరడిగారండీ మిమ్మల్ని?" అని అరిచాను.